రాజా రామమోహన రాయ్ జీవితంలో దాయవిభాగం

రాజా రామమోహన రాయ్ పేరు వినగానే సతీసహగమన నిషేధం, బ్రహ్మసమాజ స్థాపన, ఆంగ్లవిద్యావ్యాప్తి మున్ముందుగా స్ఫురిస్తాయి. ఆయన ధర్మశాస్త్రంలోని దాయభాగ ప్రకరణాన్ని ఆమూలాగ్రం పరిశీలించి, దానిపై రెండు రచనలు చేసిన వ్యవహారవేత్త అన్న విషయానికి అంత ప్రచారం లేదు. కుటుంబానికి ఉమ్మడిగా ఉన్న ఆస్తిలో ఒక భాగికి తన అంశంపై ఎంతటి స్వాతంత్ర్యం ఉన్నది, ఆ అంశాన్ని ఇతర భాగుల అనుమతి లేకుండా అన్యులకు గాని స్వజనులకు గాని ఇవ్వవచ్చునా అన్న ప్రశ్న ఆయనకు కేవలం గ్రంథస్థమైనది కాదు. ఇరవై నాలుగవ ఏట ఇంటిలో ఎదురైన ఆ ప్రశ్న ఆయనను న్యాయస్థానాలకు నడిపించి, తల్లికి దూరం చేసి, చివరకు విదేశంలోని సమాధి దాకా వెంబడించింది. ఈ దృష్టితో చూచినప్పుడు ఆయన జీవితానికి ఇంతవరకు విడివిడిగా కనిపించిన ఘట్టాలు ఒక సూత్రంలో ఇముడుతాయి.

రామమోహనుడు వంగదేశంలో హుగ్లీ ప్రాంతపు రాధానగర గ్రామంలో 1772 మే 22వ తేదీన జన్మించినాడు. జన్మసంవత్సరం 1774 అన్న మతం కూడా ఉన్నది. తండ్రి రామకాంత రాయ్, తల్లి తారిణీదేవి. అన్న జగన్మోహనుడు సహోదరుడు. రామలోచనుడు సవతి తల్లి కుమారుడు. వంశం బ్రాహ్మణవంశమే అయినా పూర్వులు నవాబుల కొలువులో రాజకీయోద్యోగాలు చేసినవారు. రామకాంతుడు భూములను గుత్తకు తీసుకొని శిస్తు చెల్లించే వ్యవహారంలో ఉండినాడు. కుటుంబం కొంతకాలానికి రాధానగరం నుండి సమీపంలోని లాంగూల్‌పాడా గ్రామానికి తరలివచ్చింది. గృహదేవతారాధన, వంటశాల, వ్యయం అన్నీ తారిణీదేవి పర్యవేక్షణలో సాగేవి.

1796 డిసెంబరు 1వ తేదీన రామకాంతుడు విభాగపత్రం వ్రాసి తన ఆస్తిని ముగ్గురు కుమారులకు పంచినాడు. లాంగూల్‌పాడాలోని ఇల్లు జగన్మోహన రామమోహనులకు సగపాళ్లుగా వచ్చింది. కలకత్తా జోడాసాంకోలోని ఇల్లు రామమోహనునికి దక్కింది. రామలోచనుడు తల్లితో రాధానగరంలో స్థిరపడినాడు. బర్ద్వానులోని ఇంటిని రామకాంతుడు తనకై నిలుపుకొన్నాడు. తండ్రి జీవించి ఉండగానే జరిగిన ఈ విభాగంలోని శాస్త్రీయత ఆంధ్రదేశపు పాఠకులకు వెంటనే బోధపడదు. మనకు ప్రమాణమైనది విజ్ఞానేశ్వరుని మితాక్షర. కళ్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలంలో వెలసిన ఆ వ్యాఖ్యను పదమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన తెలుగు పద్యాలలోకి తెచ్చినాడు. మితాక్షర ప్రకారం పుత్రునికి పైతృకధనంలో జన్మతోనే స్వత్వం కలుగుతుంది. కనుక తండ్రి కూడా భాగులలో ఒకడు. వంగదేశానికి ప్రమాణమైన జీమూతవాహనుని దాయభాగం ఇందుకు భిన్నమైనది. తండ్రి స్వత్వం ఉపరమించిన తరువాతనే పుత్రునికి స్వత్వం పుడుతుందని దాని సిద్ధాంతం. కనుక రామకాంతుడు కుమారుల హక్కును విడదీయలేదు. తనదైన దానిని తన ఇచ్ఛ మేరకు వారికి సంక్రమింపజేసినాడు. ఆ పత్రమే తరువాత ముప్పది అయిదేండ్లు రామమోహనునికి రక్షాకవచమైంది.

విభాగం జరిగిన వెంటనే దాని ఫలితాలు వేరువేరుగా కనిపించినాయి. రామమోహనుడు కలకత్తాలో ధనవ్యవహారం ప్రారంభించి 1797లో కంపెనీ ఉద్యోగి ఆండ్రూ రామ్జేకు 7,500 రూపాయలు అప్పుగా ఇచ్చినాడు. 1799లో గోవిందపురం, రామేశ్వరపురం అనే రెండు తాలూకాలు కొన్నాడు. వాటిని మిత్రుడైన రాజీవలోచన రాయ్ పేర బేనామీగా ఉంచినాడు. తండ్రి, అన్నల స్థితి ఇందుకు విపరీతంగా పరిణమించింది. 1793 నాటి శాశ్వత శిస్తు నిర్ణయం తరువాత బకాయిదారులపై కంపెనీ ప్రభుత్వం కఠినంగా వ్యవహరించింది. రామకాంతుడు 1800లో హుగ్లీ చెరసాలలో ఉండవలసివచ్చింది. జగన్మోహనుడు 1801 నుండి 1805 వరకు మిదనపురం చెరసాలలో గడిపినాడు. రామకాంతుడు 1803లో మరణించినాడు.

1804లో జగన్మోహనుడు చెరనుండి బయటపడే ప్రయత్నంలో తమ్ముని వద్ద వేయి రూపాయలు అప్పు తీసుకొన్నాడు. వడ్డీతో తీర్చగలనని పత్రం వ్రాసి ఇచ్చినాడు. చెరలో ఉన్న అన్నకు వడ్డీకి అప్పిచ్చినాడన్న నింద లౌకికదృష్టికి తోచక మానదు. కాని శాస్త్రదృష్టిలో ఈ చిన్న పత్రానికి గొప్ప విలువ ఉన్నది. అవిభక్తులైన సోదరుల మధ్య ఋణం, జామీను, సాక్ష్యం చెల్లవని యాజ్ఞవల్క్యాది స్మృతులు నియమించినాయి. కనుక సోదరులు పరస్పరం ఋణదాతలు, ఋణగ్రస్తులు కాగలిగినారంటే వారు విభక్తులైనట్లే. విభాగపత్రం లేనిచోట కూడా ఇటువంటి క్రియలే విభాగానికి నిదర్శనాలని వ్యవహారకాండ చెప్పుతున్నది. ఈ సోదరుల విషయంలో పత్రమూ ఉన్నది, క్రియా ఉన్నది.

1805 నుండి రామమోహనుడు జాన్ డిగ్బీ అనే కంపెనీ అధికారి వద్ద రామగఢ్, భాగల్పూర్, రంగపూర్ మొదలైన చోట్ల పనిచేసినాడు. ఆర్జించిన ధనంతో మరికొన్ని భూములు కొన్నాడు. ఈ కాలంలోనే రామలోచనుడు, జగన్మోహనుడు గతించినారు. 1814లో ఉద్యోగం చాలించి కలకత్తాలో స్థిరపడినాడు. 1815లో ఆత్మీయసభను నెలకొల్పి, వేదాంతసూత్రాలను వంగభాషలో ప్రకటించి, విగ్రహారాధనను ఖండింప నారంభించినాడు. గృహదేవతను ప్రాణాధికంగా కొలిచే తారిణీదేవికి ఇది సహింపరాని విషయమైంది. తల్లీకొడుకుల మధ్య ధర్మవిషయకంగా పుట్టిన వైమనస్యం క్రమంగా ఆస్తి విషయంలోకి ప్రవేశించింది. లాంగూల్‌పాడా ఇంట తనకు సగం హక్కు ఉన్నా అక్కడ నివసించడం దుర్భరమై, రామమోహనుడు సమీపంలోని రఘునాథపురంలో వేరే ఇల్లు కట్టుకొన్నాడు.

1817 జూన్ 23వ తేదీన జగన్మోహనుని కుమారుడు గోవిందప్రసాదుడు కలకత్తా సుప్రీంకోర్టులో పినతండ్రిపై వ్యాజ్యం వేసినాడు. 1796 తరువాత కూడా తాత రామకాంతుడు, తండ్రి జగన్మోహనుడు, పినతండ్రి రామమోహనుడు అన్నపానాలలోను ఆస్తిలోను కలిసియే ఉన్నారని, కనుక రామమోహనుని పేర ఉన్న ఆస్తిలో సగం తనకు చెందవలెనని అతని వాదం. విడిపోయినవారు మరల కలిసి ఉండడాన్ని ధర్మశాస్త్రం సంసృష్టి అంటున్నది. లాంగూల్‌పాడాలో ఒకే ఇల్లు, ఒకే దేవత, ఒకే గృహిణి పెత్తనం ఉండడం వలన ఈ వాదానికి పైకి కొంత బలం ఉన్నట్లు కనిపించింది. హిందూ కుటుంబం అవిభక్తమనే ప్రాథమికమైన ఊహ కూడా వాదికి అనుకూలమైనది. బేనామీగా ఉంచిన తాలూకాలు ఎవరి ధనంతో కొన్నవని అడిగితే ఉత్తరం చెప్పవలసిన భారం రామమోహనునిపై పడినది.

రామమోహనుడు తన రక్షణకు రెండు విషయాలను స్థాపింపవలసివచ్చింది. మొదటిది, 1796 నాటి విభాగం నామమాత్రమైనది కాక యథార్థమైనదని. రెండవది, తరువాతి ఆస్తి తన స్వార్జితమని. తారిణీదేవిని ప్రశ్నించడానికి ఆయన పక్షాన ప్రశ్నావళి కూడా సిద్ధమైంది. కుమారుడు కులధర్మాన్ని విడిచినాడన్న కోపంతో మనుమనిచేత వ్యాజ్యం వేయించినది ఆమె కాదా అన్నది ఆ ప్రశ్నల సారాంశం. కాని ఆమెను సాక్షిగా విచారించడం జరగలేదు. కొడుకు తల్లిని న్యాయస్థానంలో నిలబెట్టే దుఃస్థితి ఆ విధంగా తప్పినది. 1819 డిసెంబరు 10వ తేదీన న్యాయస్థానం వ్యాజ్యాన్ని ఖర్చులతో కొట్టివేసింది. 1821లో జగన్మోహనుని భార్య దుర్గాదేవి గోవిందపుర రామేశ్వరపురాల కొరకు వేసిన మరొక వ్యాజ్యం కూడా నిలువలేదు. ఆ తరువాత గోవిందప్రసాదుడు పినతండ్రిని క్షమాపణ కోరగా ఆయన మన్నించి ఆదరించినాడు. తారిణీదేవి జగన్నాథక్షేత్రానికి వెళ్లి, దేవాలయసేవలో శేషజీవితం గడిపి, 1822లో పూరీలోనే కన్నుమూసింది.

అదే 1822లో రామమోహనుడు స్త్రీల దాయహక్కులపై ఒక చిన్న గ్రంథం ప్రకటించినాడు. రెండింటికి కార్యకారణసంబంధం కల్పించనవసరం లేదు. కాని ఆస్తి కారణంగా తల్లితో వైరం అనుభవించినవాడే తల్లుల వాటా కొరకు వాదించడం గమనింపదగినది. యాజ్ఞవల్క్య, నారద, కాత్యాయన, బృహస్పతి ప్రభృతుల స్మృతులలో భర్త మరణానంతరం కుమారులు పంచుకొనేటప్పుడు తల్లికి కుమారునితో సమానమైన భాగం ఉన్నదని, కన్యకు చతుర్థాంశం ఉన్నదని ఆయన చూపినాడు. వ్యాఖ్యాతలు ఆ హక్కును ఏ విధంగా కుదించినారో ఉదాహరించినాడు. ఒక్కడే కుమారుడుంటే విభాగమే లేదు కనుక ఆ తల్లికి భాగం లేదు. సంతానం లేని సవతి తల్లికి అసలే లేదు. తాను ఏలిన ఇంటిలోనే ఆమె కోడళ్ల దయకు లోబడి జీవింపవలసివచ్చేది. ఈ నిరాధారస్థితి, బహుభార్యాత్వం కలిసి వంగదేశంలో సహగమనాలకు కారణమవుతున్నాయని ఆయన నిర్ణయించినాడు. శాస్త్రాన్ని త్రోసిపుచ్చక, శాస్త్రపు తొలి పొరను వెలికితీసి తరువాతి పొరలను పరీక్షించడం ఆయన పద్ధతి.

విభాగపత్రం విలువ మరొకసారి పరీక్షకు వచ్చింది. 1823లో బర్ద్వాను మహారాజు తేజచంద్రుడు రామమోహనునిపై దావా వేసినాడు. రామకాంతుడు 1797లో వ్రాసి ఇచ్చిన వాయిదాపత్రం తాలూకు బాకీ వడ్డీతో కలిసి 15,002 రూపాయలు అయిందని, వారసుడైన కుమారుడు తీర్చవలెనని ఆయన అభియోగం. పితృఋణాన్ని పుత్రుడు తీర్చడం శాస్త్రవిహితమే. కాని రామమోహనుడు 1796లోనే వేరుపడినాడు. ఋణం ఆ తరువాతిది. తండ్రి మరణానంతరం ఆయనకు సంక్రమించిన ధనమూ లేదు. క్రింది న్యాయస్థానం దావాను కొట్టివేయగా మహారాజు సదర్ దివానీ అదాలతుకు వెళ్లినాడు. 1831 నవంబరులో అక్కడ కూడా ఓడిపోయినాడు. మేనల్లుని వంటివాడైన అన్నకొడుకు ఒకవైపు, మహారాజు మరొకవైపు ఒకే పత్రాన్ని తాకి మరలినారు.

ఇంతలో ప్రశ్న వ్యక్తిగతస్థాయిని దాటి దేశవ్యాప్తమైంది. కలకత్తా సుప్రీంకోర్టు ప్రధానన్యాయమూర్తి చార్లెస్ గ్రే, వంగదేశంలో కూడా తండ్రికి పైతృకధనాన్ని యథేచ్ఛగా అన్యాక్రాంతం చేసే అధికారం లేదన్న అభిప్రాయాన్ని అంగీకరించినాడు. ఇది దాయభాగంలోకి మితాక్షరను ప్రవేశపెట్టడమేనని భావించి రామమోహనుడు 1830లో వంగదేశ ధర్మం ననుసరించి పైతృకధనంపై హిందువుల హక్కులను నిరూపిస్తూ ఒక వ్యాసం ప్రచురించినాడు. అందులో రెండు సంప్రదాయాల భేదాలను వరుసగా వివరించినాడు. వాటిలో ఒకటి సమాంశి హక్కుకు సంబంధించినది. మితాక్షర ప్రకారం అవిభక్తమైన స్థావరంలో ఒక భాగి ఇతరుల సమ్మతి లేకుండా తన అంశాన్ని అమ్మరాదు, ఈయరాదు. కుటుంబమంతటికీ సమస్త ద్రవ్యంపై సమష్టిస్వత్వం ఉండడమే దీనికి హేతువు. విభాగం జరిగేవరకు ఇది నాది అని వేలు పెట్టి చూపదగిన అంశమే లేదు. దాయభాగం ప్రకారం ఒక్కొక్కనికి తన అంశంపై ప్రత్యేకస్వత్వం ముందే ఉన్నది; విభాగం దానిని వ్యక్తం చేయడం మాత్రమే. కనుక హద్దులు తెలియకున్నా తన పాలును అమ్మవచ్చు, దానమీయవచ్చు, తాకట్టు పెట్టవచ్చు. పుత్రహీనుడైన భాగి మరణిస్తే అతని అవిభక్తాంశం కూడా భార్యకు అనుభవయోగ్యంగా సంక్రమిస్తుంది. మితాక్షరలో అది మిగిలిన భాగులకు పోతుంది.

అన్యాక్రాంతాన్ని నిషేధించే స్మృతివచనాలకు గతి ఏమిటన్న శంకకు జీమూతవాహనుడు చెప్పిన సమాధానమే రామమోహనుని వాదానికి మూలస్తంభం. కుటుంబాన్ని దుఃఖపెట్టి ఆస్తిని ఇచ్చివేసినవాడు విధిని ఉల్లంఘించిన దోషి కావచ్చు. కాని ఆ దానం మాత్రం చెల్లకపోదు. అధర్మం వేరు, అసిద్ధి వేరు. ఈ భేదాన్ని న్యాయమూర్తులు మరచితే తరతరాలుగా జరిగిన విక్రయాలు, తాకట్లు, దానాలు, మరణశాసనాలు తలక్రిందులవుతాయని, భూమిని నమ్మి ఋణమిచ్చేవాడు ఉండడని ఆయన హెచ్చరించినాడు. 1831లో సదర్ దివానీ అదాలతు న్యాయమూర్తులు సుప్రీంకోర్టు కోరగా తెలిపిన అభిప్రాయం ఈ పక్షానికే చేరింది. కుమారులున్నా వంగదేశపు హిందువు పైతృకస్థావరాన్ని వారి సమ్మతి లేకుండా అన్యాక్రాంతం చేయవచ్చునని స్థిరపడినది.

ఇక్కడ ఒక విరోధం కనిపించక మానదు. 1822లో జీమూతవాహనాదులు స్త్రీల భాగాన్ని తగ్గించినారని ఆక్షేపించినవాడు 1830లో ఆ జీమూతవాహనునే ఆశ్రయించినాడు. యజమానికి యథేచ్ఛ ఉన్నప్పుడు భార్యకు, తల్లికి, కుమార్తెకు ఇచ్చే వీలు ఎంత ఉన్నదో, ఏమీ ఈయకుండా పోయే వీలు కూడా అంతే ఉన్నది. ఈ రెండవ పార్శ్వాన్ని ఆయన వ్యాసం పరిష్కరించలేదు. అయినా రెండు రచనల వెనుక ఉన్న దృష్టి ఒక్కటే. సమష్టి పేరిట వ్యక్తి అంశం అదృశ్యం కారాదు. తల్లి అయినా, కుమారుడైనా, విధవ అయినా తన పాలు ఇంత అని చెప్పగలిగి ఉండవలెను.

మితాక్షర పాలించిన తెలుగునాట ఈ ప్రశ్న వేరు మార్గంలో నడిచింది. 1863లో మద్రాసు హైకోర్టు అవిభక్తుడైన భాగి వెల పుచ్చుకొని తన అంశాన్ని అమ్మవచ్చునని తీర్పు చెప్పింది. కొన్నవాడు విభాగానికి దావా వేసి పొందవలెను. దానం మాత్రం ఇతర భాగుల సమ్మతి లేకుండా చెల్లదు. తన అంశాన్ని మిగిలిన భాగులందరికీ కలిపి విడిచిపెట్టడం చెల్లుతుంది. 1987లో ఆంధ్రదేశం నుండి వెళ్లిన ఒక వ్యాజ్యంలో, తన సోదరునికి ఒక భాగి వ్రాసిన దానపత్రాన్ని సుప్రీంకోర్టు పరిత్యాగంగా గ్రహించి నిలబెట్టింది. 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణచట్టం అవివాహిత కుమార్తెలకు, 2005 నాటి కేంద్ర సవరణ కుమార్తెలందరికీ జన్మస్వత్వాన్ని కలిగించినాయి. రామమోహనుడు వద్దన్న జన్మస్వత్వవాదమే ఆయన కోరిన స్త్రీదాయానికి సాధనం కావడం ధర్మశాస్త్రచరిత్రలో విశేషం.

1830 నవంబరులో రామమోహనుడు మొగలు చక్రవర్తి రెండవ అక్బరు పనిపై ఇంగ్లండుకు ఓడ ఎక్కినాడు. 1831 ఏప్రిలులో లివర్‌పూలు చేరినాడు. భారతదేశపు శిస్తు, న్యాయవ్యవస్థలపై పార్లమెంటు సంఘానికి లిఖితపూర్వకంగా సమాధానాలు సమర్పించినాడు. 1833 సెప్టెంబరు 27వ తేదీన బ్రిస్టలు సమీపంలోని స్టేపుల్టన్ గ్రోవ్ అనే గృహంలో మరణించినాడు. అప్పటికి ఆయన శరీరంపై యజ్ఞోపవీతం ఉన్నది. జాతిభ్రష్టునికి, మతాంతరం పుచ్చుకొన్నవానికి దాయం లేదన్న నియమం నాడు అమలులో ఉన్నది. క్రైస్తవ శ్మశానంలో క్రైస్తవవిధితో తనను పూడ్చితే కుమారుల దాయహక్కుకు ప్రత్యర్థులు ఆటంకం కల్పించగలరని ఆయన ఎరుగును. అందుచేత ఆయన కోరిన విధంగా అక్టోబరు 18వ తేదీన ఆ గృహం తోటలోనే, మంత్రతంత్రాలు లేకుండా మౌనంగా ఖననం చేసినారు. 1843లో ద్వారకానాథ ఠాకూరు పూనికతో ఆ శరీరాన్ని ఆర్నోస్ వేల్ శ్మశానానికి మార్చినారు. మతాంతరం వలన గాని జాతిబహిష్కారం వలన గాని దాయహక్కు పోదని శాసనం 1850లో వచ్చింది.

ఆయన కనిష్ఠకుమారుడు రమాప్రసాద రాయ్ సదర్ దివానీ అదాలతులో ప్రభుత్వ న్యాయవాది అయినాడు. తండ్రి విభాగపత్రాన్ని 1831లో నిలబెట్టినది ఆ న్యాయస్థానమే. 1862లో కలకత్తా హైకోర్టు ఏర్పడినప్పుడు దానికి తొలి భారతీయ న్యాయమూర్తిగా నియుక్తుడై, ఆసనం అధిష్ఠించకముందే మరణించినాడు. తాత కుమారులకు పంచి ఇచ్చిన 1796 నాటి ఒక పత్రం, తండ్రి వ్యాఖ్యానించిన ఒక శాస్త్రం, కుమారుడు చేపట్టిన ఒక వృత్తి ఈ విధంగా మూడు తరాలలో ఒకే ప్రశ్నను ఆశ్రయించినాయి.